నేలపట్టులో వాలంటీర్లుగా పనిచేసిన విద్యార్థుల చేత రిఫ్లెక్షన్ నిజాయితీగా రాయించడం ఎలా?

అడిగినది నెల్లూరులో డిగ్రీ విద్యార్థులకు జువాలజీ చెప్పే మేడం గారు. రెండో సంవత్సరం పిల్లలు ముప్పై మందిని ఈ సీజన్‌లో మూడు ఆదివారాలు నేలపట్టు పక్షుల అభయారణ్యానికి వాలంటీర్లుగా తీసుకెళ్తారు. తర్వాత ఒక్కొక్కరూ నాలుగు పేజీల రిఫ్లెక్షన్ రాసివ్వాలి. నిరుటి బ్యాచ్‌లో అందరూ ‘ప్రకృతి ఒడిలో పరవశించిపోయాం’ అంటూ ఒకే వ్యాసాన్ని పేర్లు మార్చి ఇచ్చారట. ఈసారి వాళ్లు చూసిందీ, చేసిందీ, అనుకున్నదీ కాగితం మీదికి రావాలంటే ఏం చేయాలన్నది ప్రశ్న.

మేడం గారూ, ముందు సూటిగా చెప్పేస్తాను. ప్రతి విద్యార్థికీ లెక్కపెట్టగలిగే ఒక పని అప్పగించండి. ఆ లెక్కను చెరువుకట్ట మీదే పెన్సిల్‌తో నోట్‌బుక్‌లో రాయించండి. సాయంత్రం బస్సెక్కక ముందే ఆ పేజీలు తెరిపించి మాట్లాడించండి. చివరి ఆదివారం తర్వాత మూడు రోజుల్లో వ్యాసం తీసుకోండి. వీటిలో ఏది వదిలేసినా మళ్లీ నెట్ సెంటర్ వ్యాసమే వస్తుంది. నిరుటి పిల్లలు బద్ధకస్తులనుకోవద్దు. ‘పక్షుల్ని చూడండి, పరిసరాలు శుభ్రం చేయండి’ అని చెప్పి వదిలేస్తే ముప్పై మందికీ రాయడానికి మిగిలేది ఒకే సంగతి. చేసిన పని వేరైతేనే రాసేదీ వేరవుతుంది.

తేదీల దగ్గరే మొదటి మెలిక ఉంది. వరసగా మూడు ఆదివారాలు పెట్టుకుంటే పిల్లలకు మూడుసార్లూ ఒకే దృశ్యం కనిపిస్తుంది, మూడో వారానికి విసుగొస్తుంది. మూడేసి వారాల ఎడం పెట్టండి: డిసెంబరు రెండో వారం, జనవరి మొదటి వారం, జనవరి ఆఖరు. కారణం గూడబాతుల (పెలికాన్ల) లెక్కలో ఉంది. గూడబాతు మూడు నాలుగు గుడ్లు పెడుతుంది, 30 నుంచి 33 రోజులు పొదుగుతుంది, ఆ తర్వాత పిల్ల ఎగరడానికి మూడు నాలుగు నెలలు పైనే పడుతుంది. మూడు వారాల ఎడంలో వెళ్తే అదే చెట్టు మీద మొదటిసారి పొదిగే తల్లి, రెండోసారి బోసి పిల్ల, మూడోసారి తెల్లటి నూగుతో మెడ చాచే పిల్ల కనిపించే అవకాశం ఉంటుంది. ఆ మార్పే రిఫ్లెక్షన్‌కు వెన్నెముక. అయితే పక్షుల రాక ఈశాన్య రుతుపవనాల మీద ఆధారపడి ఉంటుంది. అక్టోబరు, నవంబరు వానలకు చెరువు నిండితే ముందుగా గూళ్లు కడతాయి, వానలు వెనక్కి జరిగితే గూళ్లూ వెనక్కి జరుగుతాయి. అందుకే తేదీలు ఖాయం చేసుకునే ముందు అక్కడి అటవీ సిబ్బందికి ఫోన్ చేసి, ఏ దశలో ఉన్నాయో అడగండి. జనవరిలో సూళ్లూరుపేటలో ఫ్లెమింగో ఫెస్టివల్ జరిగే రోజులు మాత్రం తప్పించండి. సిబ్బంది అంతా ఆ పనిలో ఉంటారు, కట్ట మీద జనం తిరునాళ్లలా ఉంటారు.

అనుమతి సంగతి. టికెట్ కొని సందర్శకులుగా లోపలికి వెళ్లడం వేరు, లోపల పని చేయడం, లెక్కలు తీయడం వేరు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యంలో అధ్యయనానికి అనుమతి కావాలి. ప్రిన్సిపాల్ సంతకంతో సూళ్లూరుపేట వన్యప్రాణి విభాగం అటవీ అధికారి (డీఎఫ్‌ఓ) గారికి కనీసం నెల ముందు లేఖ పెట్టండి. తేదీలు, విద్యార్థుల సంఖ్య, వెంట వచ్చే అధ్యాపకులు, చేయదలచిన పని, కెమెరాలు తెస్తారా లేదా అన్నవి అందులో ఉండాలి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీసినప్పుడు దొరవారిసత్రం మండలం తిరుపతి జిల్లాలోకి వెళ్లింది. నెల్లూరు వాళ్లం ఇంకా మన నేలపట్టు అనే అంటాం గానీ, కలెక్టరేట్‌కు కూడా ప్రతి పంపాలనుకుంటే చిరునామా చూసుకోండి. లేఖలో ఒక వాక్యం తప్పకుండా చేర్చండి: ‘మీకు ఏ పనిలో మనుషులు అవసరమో చెప్పండి, దాన్నిబట్టి మా విద్యార్థులను సిద్ధం చేస్తాం.’ మనమే పని ఊహించుకుని వెళ్తే సిబ్బందికి అది అదనపు బరువు.

ముప్పై మందినీ ఒకేసారి కట్ట మీదికి తీసుకెళ్లొద్దు. పది మందికి ఒక జట్టు. ఒక జట్టు కట్ట మీద, ఒకటి గేటు, పార్కింగ్ వైపు, ఒకటి ఊళ్లో. రెండున్నర గంటలకొకసారి మార్చండి. పొద్దున ఆరున్నరకల్లా అక్కడ ఉండాలంటే నెల్లూరులో తెల్లారుజామున నాలుగున్నరకే బయలుదేరాలి. ముదురాకుపచ్చ, మట్టిరంగు, బూడిదరంగు బట్టలు వేసుకోమనండి. తెలుపు, ఎరుపు, మెరిసే దుపట్టాలు వద్దు. మనిషికి రెండు లీటర్ల నీళ్లు స్టీలు సీసాలో, తిండి డబ్బాలో. ఆడపిల్లలకు టాయిలెట్లు ఎక్కడున్నాయో, నీళ్లు వస్తున్నాయో లేదో ముందురోజే కనుక్కోండి. మన టూర్లలో ఆఖరున గుర్తొచ్చేది అదే, మొదట ఇబ్బంది పెట్టేదీ అదే.

ఇక నోట్‌బుక్. జేబులో పట్టే గట్టి అట్ట పుస్తకం, రెండు పెన్సిళ్లు. పెన్ను వద్దు, పొద్దుటి మంచుకు, చెమట చేతులకు సిరా అలుక్కుపోతుంది. ఫోన్‌లో నోట్స్ రాయడం కూడా వద్దు. ఫోన్ తీస్తే రాసేది రెండు ముక్కలు, దిగే సెల్ఫీలు ఇరవై.

పుస్తకం తెరిస్తే ఎడమ పేజీ కంటికి, కుడి పేజీ మనసుకు. ఎడమ పక్కన తేదీ, మొదలుపెట్టిన సమయం, ముగించిన సమయం, నిలబడిన చోటు, ఎండా మబ్బా గాలా, తూము దగ్గర నీరు ఏ రాయి వరకు ఉంది, చేసిన పని, వచ్చిన అంకెలు. అంతే. ‘అందమైన’, ‘అద్భుతమైన’ అనే మాటలకు అక్కడ చోటు లేదు. కుడి పక్కన ఏమనుకున్నారో రాసుకోవచ్చు: భయమేసింది, వాసన భరించలేకపోయాను, ఇది గుడ్డు దొంగతనమా, ఆ ముసలాయన ఎందుకు నవ్వాడు. రెండూ వేరుగా ఉండడం వల్ల ఇంటికెళ్లాక ఏది చూసింది, ఏది ఊహించింది అన్న తేడా చెరిగిపోదు. పిల్లలు మొదట్లో కుడి పేజీ ఖాళీగా వదిలేస్తారు. వదలనివ్వండి. రెండోసారికి నిండుతుంది. ఎడమ పేజీ ఖాళీగా ఉంటే మాత్రం ఆ రోజు పని జరగలేదని అర్థం.

పనుల్లో అన్నిటికన్నా బలమైనది గూళ్ల లెక్క. నేలపట్టులో పక్షులు నీళ్లలో నిలిచిన కడప చెట్ల మీద గూళ్లు కడతాయి. కట్ట మీద నుంచి గానీ వాచ్‌టవర్ నుంచి గానీ బాగా కనిపించే ఐదారు చెట్లను సిబ్బంది సాయంతో ఎంచుకుని, ఒక కాగితం మీద పటం గీసి నంబర్లు వేయండి. చెట్టు మీద రంగు పూయడం, రిబ్బను కట్టడం లాంటివి వద్దు. మూడు ఆదివారాలూ అవే చెట్లు, అదే చోట నిలబడి లెక్కించాలి. ఏది గూడు అన్నది ముందే తేల్చుకోండి: పెద్ద పక్షి కూర్చుని ఉన్నది లేదా పిల్ల కనిపించేది మాత్రమే లెక్కలోకి వస్తుంది, ఖాళీ పుల్లల కుప్ప రాదు. ఇద్దరు విడివిడిగా లెక్కపెడతారు, ఒకరికొకరు చెప్పుకోరు. మూడో వ్యక్తి రాస్తాడు. ఇద్దరి అంకెల మధ్య తేడా పదిశాతం దాటితే మళ్లీ లెక్క. తేడా దాటకపోతే రెండంకెలూ అలాగే రాసి ఉంచాలి, సగటు తీసి ఒకటి చేయకూడదు. ఆ తేడాయే తర్వాత వ్యాసంలో పనికొస్తుంది. ‘ఇద్దరం ఒకే చెట్టును చూశాం, నాకు 24 కనిపిస్తే తనకు 26 కనిపించాయి, ఎందుకు?’ అన్న వాక్యం రాసిన పిల్లకు లెక్క అంటే ఏమిటో తెలిసినట్టే.

బైనాక్యులర్స్ జట్టుకు రెండైనా ఉండాలి, 8x42 రకం, అంటే ఎనిమిది రెట్లు పెద్దది చేసేవి చాలు. పది రెట్ల పైన పెద్దది చేసేవి చేతిలో వణుకుతాయి, కొత్తవాళ్లకు పనికిరావు. కాలేజీలో లేకపోతే సిబ్బంది దగ్గర ఉండే స్పాటింగ్ స్కోప్‌ను (స్టాండు మీద పెట్టి చూసే దుర్భిణిని) వంతులవారీగా అడగండి. పొద్దున సూర్యుడు వీపువైపు ఉండే చోటు చూసుకోండి, ఎదురెండలో అన్ని పక్షులూ నల్లగానే కనిపిస్తాయి.

కొత్తవాళ్లు పొరపడేవి ఇవి. నత్తగుల్ల కొంగను దూరం నుంచి చూసి మామూలు తెల్ల కొంగ అనేస్తారు. నత్తగుల్ల కొంగకు రెక్కల అంచు నల్లగా ఉంటుంది, ముక్కు మూసినా మధ్యలో సందు కనిపిస్తుంది. తెల్లకంకణాయికి తల, మెడ నల్లగా, ముక్కు కొడవలిలా వంగి ఉంటుంది. తెడ్డుమూతి కొంగ నిద్రపోతూ ముక్కు వీపులో దాచుకుంటే ఎవరికైనా అనుమానమే, అప్పుడు ‘గుర్తుపట్టలేదు’ అని రాయమనండి. నోట్‌బుక్‌లో ఆ మాట ఒక్కసారి కూడా లేకపోతే ఆ పుస్తకాన్ని కాస్త అనుమానించాల్సిందే. ఎగిరే గుంపును లెక్కించాలంటే ముందు పది పక్షుల్ని లెక్కపెట్టి, అవి ఆకాశంలో ఎంత చోటు పట్టాయో కంటితో కొలుచుకుని, ఆ కొలతతో మిగతా గుంపును అంచనా వేయాలి. అదే గుంపు చుట్టు తిరిగి వస్తే రెండోసారి లెక్కించకూడదు. ఈ పొరపాటు ప్రతి బ్యాచ్‌లోనూ జరుగుతుంది, అంకె రెట్టింపైపోతుంది.

రెండో పని నిజానికి ఇంకా విలువైనది, ఎవరూ ఇవ్వరు. పక్షులు ఉలిక్కిపడి లేచిన ప్రతిసారీ రాసుకోవడం. సమయం, కారణం (హారన్, అరుపు, డ్రోన్, రాయి, కుక్క, గద్ద, కారణం తెలియలేదు), సుమారు ఎన్ని లేచాయి, ఎన్ని నిమిషాలకు తిరిగి గూడెక్కాయి. కారణాల్లో గద్దను, ‘తెలియలేదు’ను తప్పకుండా ఉంచండి, లేకపోతే పిల్లలు ప్రతిదానికీ మనుషులనే తప్పుపడతారు. ఇది ఎందుకు ముఖ్యమంటే, తల్లి లేచిన ఆ కొద్ది నిమిషాల్లోనే కాకులు, గరుడపక్షులు గుడ్లు ఎత్తుకెళ్తాయి. ఎండపొద్దున అయితే గుడ్డు, బోసి పిల్ల కాగిపోతాయి. నత్తగుల్ల కొంగలు మధ్యాహ్నం రెక్కలు విప్పి పిల్లలకు నీడ పట్టి నిలబడతాయి. ఆ వేళ వాటిని లేపడమంటే ఆ నీడ తీసేయడమే. పక్షులు నిజంగా లేవక ముందు ఒక సూచన ఇస్తాయి: మెడలు నిక్కబొడుచుకుని అన్నీ ఒకే వైపు చూస్తాయి. అది కనిపించిన క్షణంలో వాలంటీర్లే నాలుగడుగులు వెనక్కి వేయాలి. మన జట్టు వల్ల లేచినవి కూడా పట్టికలో రాయాలి. ‘ఉదయం 8.40, మా జట్టు నవ్వుల వల్ల, సుమారు 60, తొమ్మిది నిమిషాలు’ అని రాసుకున్న జట్టు చేత తర్వాత పర్యావరణం మీద ఉపన్యాసం రాయించక్కర్లేదు.

చెత్త ఏరడం అందరూ చేస్తారు. కానీ బరువు తూయకుండా ఏరితే అది ఫొటో కార్యక్రమం. ఒక వేలాడే త్రాసు, నాలుగు సంచులు పట్టుకెళ్లండి: నీళ్ల సీసాలు, చిప్స్ కవర్లు, భోజనం ప్లేట్లు, మిగతావి. గేటు దగ్గర ఎంత, పార్కింగ్‌లో ఎంత, కట్ట మీద ఎంత అన్నది వేరుగా తూయండి. సీసా మూతలు విడిగా లెక్కించండి. గూళ్ల చెట్లకు దగ్గరలో నీళ్లలోకి దిగి ఏరే పని మాత్రం సీజన్ ముగిసేదాకా వద్దు. చెత్త అక్కడ ఇంకో రెండు నెలలు ఉంటే వచ్చే నష్టం కన్నా మనం దిగితే వచ్చే నష్టం ఎక్కువ. పోగుచేసింది ఎక్కడికి పోతుందో పంచాయతీ వాళ్లను ముందే అడగండి. అడగకపోతే సంచులు గేటు పక్కనే ఉండిపోయి సాయంత్రానికి కుక్కలు చింపుతాయి.

ఊళ్లో జట్టుకు నాలుగే ప్రశ్నలు ఇవ్వండి, సర్వే ఫారాలు వద్దు. ‘పక్షుల రెట్ట కలిసిన చెరువు నీళ్లు పొలానికి బలం’ అని అక్కడి రైతులు చెబుతారు. పిల్లలు దాన్ని వెంటనే ‘ఎరువులే అవసరం లేదు’ అని రాసేస్తారు. రైతును అడగాల్సింది ఇది: ఈ చెరువు కింద ఎకరాకు యూరియా ఎన్ని బస్తాలు వేస్తారు, పక్క చెరువు కింద ఎన్ని వేస్తారు? ఇంకా, పక్షుల కోసం నీళ్లు ఉంచాల్సి వచ్చినప్పుడు రెండో పంటకు ఇబ్బంది వచ్చిందా? దీపావళికి ఊళ్లో టపాకాయలు ఎలా? సీజన్‌లో జనం వస్తే ఊరికి ఏమొస్తుంది? పెద్దవాళ్లను ‘పెదనాయనా’, ‘పెద్దమ్మా’ అని పలకరించి, అరుగు మీద కూర్చుని, మాటల్లో అడగాలి. వింటూ రాయకూడదు, బయటికొచ్చాక రాసుకోవాలి. అలా మాట్లాడినవాళ్ల పేర్లు వ్యాసంలో వాడొద్దు.

ముట్టుకోకూడనివి. కింద పడిన పిల్లను చూసి జాలిపడి ఎత్తుకోవడం ఎప్పుడూ ఎదురయ్యే సమస్య. ఎత్తొద్దు, ఫొటో తీయొద్దు, చోటు గుర్తుపెట్టుకుని సిబ్బందికి చెప్పాలి. చచ్చిన పక్షిని అసలే తాకకూడదు. 2024 ఫిబ్రవరిలో నెల్లూరు జిల్లా కోళ్లలో బర్డ్ ఫ్లూ తేలిన సంగతి పిల్లలకు గుర్తుచేయండి, మారు మాట్లాడరు. తిరిగొచ్చాక సబ్బుతో చేతులు, చెప్పులు కడుక్కోవాలి, ముఖ్యంగా ఇంట్లో నాటుకోళ్లు ఉన్నవాళ్లు.

ఇప్పుడు ముందే కొట్టేయాల్సిన వాక్యాలు. ‘సైబీరియా నుంచి వేల కిలోమీటర్లు ఎగిరివచ్చిన గూడబాతులు’ అన్నది పత్రికల్లోనూ కనిపిస్తుంది. నేలపట్టులో గూడు కట్టే మచ్చల ముక్కు గూడబాతు దక్షిణ, ఆగ్నేయ ఆసియా పక్షి. నీళ్లు, చేపలు ఎక్కడుంటే అక్కడికి చెరువు నుంచి చెరువుకు తిరుగుతుంది. ఉత్తరం నుంచి నిజంగా వచ్చేవి సూదితోక బాతుల్లాంటివి. అవి ఇక్కడ గూడు కట్టవు, చలికాలం గడిపి పోతాయి. పులికాట్‌లో కనిపించే ఫ్లెమింగోలు కూడా సైబీరియావి కావు, పెద్ద ఫ్లెమింగోలు గుజరాత్‌లోని కచ్ రణ్‌లో పిల్లల్ని చేస్తాయి. రెండోది, నేలపట్టునూ పులికాట్‌నూ ఒకటే చోటుగా రాయడం. నేలపట్టు సుమారు 459 హెక్టార్ల చిన్న అభయారణ్యం, 1976లో ప్రకటించారు, మంచినీటి చెరువు. ఇరవై కిలోమీటర్ల దూరంలో ఉన్న పులికాట్ ఉప్పునీటి సరస్సు, చిలికా తర్వాత దేశంలో పెద్దది. గూడు ఇక్కడ, మేత చాలావరకు అక్కడ. పొద్దున గూడబాతులు ఏ దిక్కుకు ఎగిరాయో దిక్సూచితో రాసుకుంటే ఈ సంబంధం విద్యార్థికి తనంతట తానే అందుతుంది. మనం చెప్పక్కర్లేదు, నోట్‌బుక్ చెబుతుంది.

సాయంత్రం కూర్చోబెట్టి మాట్లాడించడం అరగంట నుంచి నలభై నిమిషాలు. బస్సులో వద్దు, కాలేజీకి వచ్చాక అసలొద్దు. గేటు బయట నీడలో గుండ్రంగా కూర్చోవాలి, ఒడిలో నోట్‌బుక్ తెరిచి ఉండాలి. ఒకే నియమం: అంకె గానీ సమయం గానీ చెప్పకుండా ఎవరూ అభిప్రాయం చెప్పకూడదు. ‘చాలా బాగుంది మేడం’ అంటే ‘ఏ పేజీలో?’ అని అడగండి. ప్రశ్నలు ఇలా నడపవచ్చు: పొద్దున ఏమనుకుని వచ్చావు, అందులో ఏది తప్పింది? నీ లెక్కలో నువ్వే నమ్మని అంకె ఏది? ఈ రోజు మనం రాకపోతే ఇక్కడ ఏం తేడా ఉండేది? ఆఖరి ప్రశ్నకు ‘ఏమీ ఉండేది కాదు’ అని ఎవరో ఒకరు అంటారు. కొట్టిపారేయొద్దు, అక్కడే అసలు చర్చ మొదలవుతుంది. రోజూ పనిచేసే వాచర్‌ను కూడా ఆ గుండ్రంలో కూర్చోమని అడగండి, కుర్చీ వేసి పక్కన కూర్చోబెట్టొద్దు. పిల్లల అంకెల్లో ఏది కుదరదో ఆయన ఒక్కమాటలో చెప్పేస్తారు.

మాట్లాడడానికి ముందుకు రాని పిల్లలుంటారు. ముఖ్యంగా పల్లెల నుంచి వచ్చి, ఇంగ్లీషు మీడియంలో చదువుతూ, ఏ భాషలో చెప్పాలో తేల్చుకోలేనివాళ్లు. వాళ్ల చేత నోట్‌బుక్‌లోని ఒక వాక్యం యథాతథంగా చదివించండి చాలు. సాధారణంగా అంతటి వాక్యం ఆ రోజు ఇంకెవరూ చెప్పరు. చెరువులు, కొంగలు, నత్తలు వాళ్లకు పుట్టినప్పటి నుంచి తెలుసు, పుస్తకం పేర్లే తెలియవు. ఊళ్లో వాడే పక్షి పేరు వ్యాసంలో రాస్తే తప్పు కాదని ముందే చెప్పండి.

వ్యాసం నాలుగు పేజీలు అవసరం లేదు. పేజీల లెక్క పెడితే నింపడానికే రాస్తారు. ఆరేడువందల పదాలు చాలు, చేత్తో రాయాలి, తెలుగులోనైనా ఇంగ్లీషులోనైనా. మొదటి పేరా ఏదో ఒక సమయంతో మొదలుకావాలి, అభయారణ్యం చరిత్రతో కాదు. తర్వాత చేసిన పని, వచ్చిన అంకెలు. ఆ తర్వాత అనుకున్నదానికీ జరిగినదానికీ మధ్య తేడా. ఆఖరున తేలని ప్రశ్న ఒకటి, దాన్ని ఎవరిని అడిగితే తేలుతుందో. నమూనా చూపమంటారు కాబట్టి రెండు ముక్కలు ఇస్తున్నాను. పనికిరానిది: ‘పక్షుల కిలకిలారావాల మధ్య మా మనసులు పులకించాయి. ప్రకృతిని కాపాడుకోవడం మనందరి బాధ్యత.’ పనికొచ్చేది: ‘మూడో చెట్టు మీద డిసెంబరులో 19 గూళ్లు రాశాం. జనవరిలో 14. ఐదు గూళ్లు ఏమయ్యాయో నాకు తెలియదు. కాకులు తీసుకున్నాయని రాద్దామనుకున్నాను, కానీ మేం చూడలేదు. వాచర్ అన్న గాలివాన అన్నాడు.’ రెండో దాంట్లో భావుకత ఒక్క చుక్క లేదు, ఆలోచన మాత్రం ఉంది. ఈ నమూనాలు పిల్లలకు రెండో ఆదివారం తర్వాతే చూపించండి, ముందే చూపిస్తే ముప్పై మంది రాతల్లోనూ 19 గూళ్లు 14 అవుతాయి.

విసుగొచ్చిందని, వాసనకు కడుపులో తిప్పిందని, ఇదంతా దండగ అనిపించిందని రాసేవాళ్లుంటారు. మార్కులు తగ్గించొద్దు. వేలాది పక్షులున్న చోట రెట్ట, కుళ్లిన చేపల వాసన ఉంటుంది, అది రాయనివాళ్లే అక్కడికి పోలేదేమో. కాకపోతే ‘దండగ’ అన్న మాటకు కారణం అడగండి: ఏ పని, ఎన్ని గంటలు, ఏం మారలేదు? కారణం రాస్తే అది మంచి రిఫ్లెక్షన్.

మార్కులు ఇరవై ఐదు అనుకుంటే నోట్‌బుక్‌కు పన్నెండు, వ్యాసానికి ఎనిమిది, సాయంత్రం మాటలకు ఐదు ఇవ్వమంటాను. నోట్‌బుక్‌కు ఎక్కువ ఎందుకంటే దాన్ని ఎవరూ కాపీ కొట్టలేరు. కొట్టినా, ఒకే సమయంలో ఇద్దరు రెండు చోట్ల నిలబడ్డట్టు దొరికిపోతారు. ఈ మధ్య చాట్‌బాట్‌తో రాయించే బెడద కూడా ఉంది కదా. వ్యాసంలోని ప్రతి అంకె పక్కన నోట్‌బుక్ పేజీ నంబరు వేయమనండి, చాలావరకు ఆ బెడద తగ్గుతుంది.

రాతలన్నీ అయ్యాక అటవీ శాఖకు రెండు పేజీలు పంపండి: చెట్లవారీ గూళ్ల పట్టిక, ఉలికిపాటు పట్టిక, చెత్త బరువులు. వ్యాసాలు పంపక్కర్లేదు. పక్షుల జాబితాలను ఈబర్డ్‌లో (చూసిన పక్షుల్ని ఎవరైనా నమోదు చేసే వెబ్‌సైట్‌లో) ఎక్కించవచ్చు, గూళ్ల చోట్లు కచ్చితంగా తెలిసేలా ఫొటోలు మాత్రం పెట్టొద్దు. మీ రెండో ఆదివారం ఆసియా నీటిపక్షుల గణన జరిగే జనవరి రోజుల్లో పడితే ముందే చెప్పి, అందులో పిల్లలకు చోటు ఇమ్మని అడగండి. 1987 నుంచి జనవరిలో జరుగుతున్న లెక్క అది.

కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు కింద ఇదే పని చేయించవచ్చా అని కూడా అడగబోతారు కాబట్టి చెబుతున్నాను. ఆ ప్రాజెక్టు వేసవిలో వస్తుంది, అప్పటికి చెరువు అడుగంటుతుంది, గూళ్లు ఖాళీ. పక్షులు లేని అభయారణ్యంలో వాలంటీర్లకు పని లేదనుకోవద్దు. సీజన్‌లో చేయకూడని పనులన్నీ అప్పుడే: చెట్ల మధ్య చెత్త తీయడం, సిబ్బంది చూపిన చోట సర్కారు తుమ్మ మొలకలు వేర్లతో సహా పెరకడం (కొడితే మళ్లీ చిగురిస్తుంది), కడప మొక్కలకు పాదులు తీయడం, బోర్డులు బాగుచేయడం. ఖాళీ గూళ్ల లెక్క కూడా అప్పుడే తీరుబడిగా తీయవచ్చు. పని పొద్దున పదిలోపు ముగించాలి, మే నెల ఎండలో నేలపట్టు దగ్గర నీడ తక్కువ.

ఒంగోలు, కొత్తపట్నం వైపు కాలేజీల వాళ్లు ఇది చదువుతుంటే, మీకు దగ్గరిది సముద్రం. ఆలివ్ రిడ్లీ తాబేళ్లు జనవరి నుంచి మార్చి వరకు రాత్రిపూట ఒడ్డుకొచ్చి గుడ్లు పెడతాయి, ఒక్కో గుంటలో నూరు పైచిలుకు, సుమారు మూరెడు లోతున. అక్కడ నోట్‌బుక్ పద్ధతి ఇదే, నియమాలు మాత్రం కఠినం. తెల్ల లైటు వేయకూడదు, తల్లి వెనకాలే నిలబడాలి, గుడ్లను సిబ్బంది తప్ప ఎవరూ తాకకూడదు. గుడ్డు పెట్టిన కొన్ని గంటల తర్వాత దాన్ని తిప్పితే లోపలి పిండం చచ్చిపోతుంది. విద్యార్థులకు సరిపడే పని గుంట దొరికిన చోటు, సమయం, అలల గీతకు దూరం, చుట్టుపక్కల కుక్కల అడుగులు, ఒడ్డున ఎన్ని దీపాలు కనిపిస్తున్నాయో రాయడం. పిల్ల తాబేళ్లు వెలుతురువైపు నడుస్తాయి కాబట్టి దీపాల లెక్క అటవీ శాఖకు నిజంగా పనికొస్తుంది. రాత్రి పని కాబట్టి ఆడపిల్లల ఇళ్ల నుంచి రాతపూర్వక అంగీకారం, వెంట మహిళా అధ్యాపకురాలు, తీరంలోని మత్స్యకార గ్రామం పెద్దలకు ముందస్తు కబురు తప్పనిసరి.